ఇరవై ఏడేళ్ళకే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాలా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్ళకూ సంగతి అర్థమవుతుంది. వయసు 27. హనుమకొండలో ఇంటి నుంచే అమెరికా కంపెనీకి రాత్రిపూట పని. ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు, బరువు 94 కిలోలు. ఏడాదిగా నీరసం, కోరిక తగ్గడం, పని మీద మనసు నిలవకపోవడం. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే ప్యాకేజీలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను 268 (డెసీలీటరుకు నానోగ్రాముల లెక్కలో) వచ్చింది. జిమ్‌లో శిక్షణ ఇచ్చే ఆయన "ఇంజెక్షన్లు మొదలుపెట్టు, మూడు నెలల్లో కొత్త మనిషివవుతావు" అన్నారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మొదలుపెట్టాలా, వద్దా?

ఇప్పుడు వద్దు. ఎప్పటికీ వద్దని మాత్రం అనను. ఆ హార్మోను నిజంగా లోపించిన కుర్రవాడికి ఇవ్వకుండా ఏళ్ళ తరబడి నాన్చితే ఎముకలు గుల్లబారతాయి, కండ కరిగిపోతుంది, రక్తహీనత వస్తుంది. అలాంటివాళ్ళ సంగతి కింద రాస్తాను. కానీ మీ చేతిలో ఉన్న కాగితం మీరు వాళ్ళలో ఒకరని చెప్పడం లేదు. ఒక అంకె తక్కువగా ఉందని మాత్రమే చెబుతోంది. అది ఎందుకు తక్కువైందో తేల్చకుండా ఇంజెక్షన్ వేయించుకుంటే ఆ తర్వాత తేల్చడం మహా కష్టం. కొద్ది వారాల్లోనే మనం పరీక్షించి చూడాల్సిన మిగతా హార్మోన్లలో ముఖ్యమైనవి అణగిపోతాయి. హార్మోన్ల వైద్యంలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ముందు మందు మొదలుపెట్టి, ఆ తర్వాత "నాకు అసలు జబ్బు ఉండేదా సార్?" అని అడిగేవాళ్ళకు సమాధానం చెప్పడమే నాకు అన్నిటికన్నా కష్టం.

మీరు పంపిన రిపోర్టులో నేను మొదట చూసింది 268ని కాదు. దాని పైన చిన్న అక్షరాల్లో ఉన్న నమూనా సేకరించిన సమయాన్ని. మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు.

టెస్టోస్టెరాన్ నిద్రలో పెరుగుతుంది, నిద్ర లేచేసరికి గరిష్ఠంగా ఉంటుంది, రోజు గడిచేకొద్దీ తగ్గుతుంది. మీ వయసులో ఈ ఎగుడుదిగుడు మరీ ఎక్కువ. పొద్దున ఉన్నదానిలో నాలుగో వంతు సాయంత్రానికి తగ్గిపోవడం వింతేమీ కాదు. అందుకే ఈ పరీక్షకు పొద్దున 7 నుంచి 10 గంటల మధ్య రక్తం ఇవ్వాలి, అదీ పరగడుపున. భోజనం చేస్తే, ముఖ్యంగా గ్లూకోజు ఒంట్లోకి వెళ్తే, టెస్టోస్టెరాన్ కొన్ని గంటలపాటు పడిపోతుంది. మీరు అన్నం తిన్న గంటన్నరకు రక్తం ఇచ్చారు. అదీ రాత్రంతా మేలుకుని, తెల్లవారుజామున 5 గంటలకు పడుకుని, పదకొండింటికి లేచిన రోజున. మీ ఒంటికి అది పొద్దునో, సాయంత్రమో చెప్పడం నా తరం కాదు.

సింగరేణి గనుల్లో షిఫ్టులు మారుతూ పనిచేసేవాళ్ళు గోదావరిఖని నుంచో, భూపాలపల్లి నుంచో ఇలాంటి రిపోర్టు పట్టుకొస్తే నేను మొదట అడిగేది ఈ వారం ఏ షిఫ్టు అనే. రాత్రి షిఫ్టు దిగి నేరుగా ల్యాబుకు వెళ్ళి ఇచ్చిన రక్తంతో ఏ నిర్ణయమూ తీసుకోను. వాళ్ళకు చెప్పేదే మీకూ చెప్తున్నాను. వారం, పది రోజులు సెలవు పెట్టి రాత్రి పడుకుని పొద్దున లేవండి. ఆ తర్వాత పరగడుపున పొద్దున రక్తం ఇవ్వండి. సెలవు దొరక్కపోతే, కనీసం ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేచే పద్ధతి కొన్నాళ్ళు పాటించి, ఏడు గంటలు నిద్రపోయి, లేచిన రెండు గంటల్లోపే ఇవ్వండి. శనివారం, ఆదివారం మాత్రం మామూలు మనుషుల్లా రాత్రి పడుకుంటానని రాశారు. ఒళ్ళు ఏ వేళకూ కుదురుకోకుండా చేసేది సరిగ్గా అదే.

నిద్ర విషయం చిన్నదిగా తీసిపారేయకండి. 2011లో అమెరికాలో ఆరోగ్యవంతులైన యువకులను వారం రోజులు రాత్రికి అయిదు గంటలే నిద్రపోనిచ్చి చూశారు. పగటిపూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. వారానికే అంత తేడా వచ్చింది. మీరు రెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నారు.

ఒక్కసారి తక్కువ వచ్చిందని జబ్బు అనరు. మొదటిసారి తక్కువ వచ్చినవాళ్ళలో దాదాపు ముప్ఫై శాతం మందికి రెండోసారి మామూలుగా వస్తుంది. వేర్వేరు రోజుల్లో రెండు పొద్దుటి పరీక్షల్లోనూ తక్కువ ఉంటేనే తక్కువ అన్న మాట. డెంగీయో, టైఫాయిడో వచ్చి తగ్గిన నెలలో చేయించడమూ వృథాయే. ఏ పెద్ద జ్వరమైనా ఈ హార్మోనును తాత్కాలికంగా పడేస్తుంది. ఇంకో చిన్న సంగతి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? చాలా ల్యాబుల యంత్రాల్లో బయోటిన్ లెక్క తప్పిస్తుంది. టెస్టోస్టెరాన్‌ను లేనంత ఎక్కువగానూ, ఎల్‌హెచ్ అనే మరో హార్మోనును ఉన్నదానికన్నా తక్కువగానూ చూపిస్తుంది. రక్తం ఇచ్చే రెండు మూడు రోజుల ముందే ఆపేయండి.

ఇక ఆ 268. మీ రిపోర్టులో పక్కన వేసిన సాధారణ పరిధిని బట్టి దాన్ని ఎర్ర అక్షరాల్లో చూపించారు. ల్యాబుకో పరిధి ఉంటుంది. 19 నుంచి 39 ఏళ్ళ మధ్య ఉన్న, ఊబకాయం లేని ఆరోగ్యవంతుల రక్తాలను కలిపి లెక్కగట్టి అమెరికా హార్మోను వైద్యుల సంఘం సూచించిన పరిధి 264 నుంచి 916. అక్కడి యూరాలజీ సంఘం మాత్రం 300 కన్నా తక్కువైతే తక్కువ కింద లెక్కకడుతుంది. ఒక లెక్కలో మీరు మామూలు, ఇంకో లెక్కలో రోగి. తప్పుడు వేళలో ఇచ్చిన రక్తంతో ఆ గీత మీద నిలబడి జీవితకాలపు మందు గురించి మాట్లాడుకుంటున్నాం.

పైగా మీ బరువు. రక్తంలో ఉన్న టెస్టోస్టెరాన్‌లో ఎక్కువ భాగం ప్రొటీన్లకు అంటుకుని తిరుగుతుంది. స్వేచ్ఛగా ఉండేది రెండు శాతం చుట్టుపక్కల. గట్టిగా పట్టి ఉంచే ప్రొటీన్ పేరు ఎస్‌హెచ్‌బీజీ. పొట్ట పెరిగి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని ఒంట్లో ఈ ప్రొటీన్ తగ్గుతుంది. దాంతో మొత్తం టెస్టోస్టెరాన్ తక్కువగా కనిపిస్తుంది గానీ, పనికొచ్చే స్వేచ్ఛా భాగం చాలామందిలో మామూలుగానే ఉంటుంది. అందుకే లావుగా ఉన్న కుర్రవాడికి మొత్తం అంకె ఒక్కటే చూసి మందు రాసే వైద్యుడిని నేను నమ్మను. ఎస్‌హెచ్‌బీజీ, అల్బుమిన్ అనే ఇంకో ప్రొటీన్ పరీక్షలు కూడా చేయించి స్వేచ్ఛా టెస్టోస్టెరాన్‌ను లెక్కగట్టాలి. నేరుగా "ఫ్రీ టెస్టోస్టెరాన్" అని చేసే చౌక పరీక్ష అంత నమ్మదగినది కాదు, లెక్కగట్టడమే మేలు.

మీరు చెప్పిన ఇబ్బందుల్లో నీరసం, మనసు నిలవకపోవడం ఈ హార్మోనుకే పరిమితం కావు. రాత్రి పని చేసే ఎవరికైనా ఉంటాయి. థైరాయిడ్ తగ్గినా, బి12 తగ్గినా, చక్కెర పెరిగినా, దిగులు పట్టుకున్నా ఉంటాయి. నాకు ఎక్కువ పనికొచ్చే ప్రశ్నలు వేరు. నిద్ర లేచేసరికి అంగం గట్టిపడి ఉండటం ఇప్పటికీ జరుగుతోందా? ఒకప్పుడు రెండు రోజులకోసారి గీసుకునే గడ్డం ఇప్పుడు వారానికోసారి సరిపోతోందా? రొమ్ములు పెరిగాయా, నొప్పిగా ఉన్నాయా? చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చినప్పుడు వృషణాలు వాచాయా? పుట్టినప్పుడు వృషణం కిందికి దిగలేదని ఆపరేషన్ చేశారా? వాసనలు తెలుస్తాయా? ఈ చివరి ప్రశ్నకు చాలామంది నవ్వుతారు. కానీ పుట్టుకతోనే వాసన తెలియకపోవడం, యుక్తవయసు మార్పులు రాకపోవడం కలిసి ఉండే జబ్బు ఒకటి ఉంది, దాన్ని పట్టుకునే దారి ఆ ప్రశ్నే. "పొద్దున మామూలుగానే ఉంటుంది" అని మీరు రాసిన ఒక్క వాక్యం నాకు ఆ 268 కన్నా ఎక్కువ చెప్పింది.

మాటలతో ఆగకుండా పరీక్ష చేయించుకోవాలి కూడా. మా గదిలో ఒక పూసల దండ ఉంటుంది. కోడిగుడ్డు ఆకారంలో, ఒక మిల్లీలీటరు నుంచి ఇరవై అయిదు మిల్లీలీటర్ల దాకా వరసగా పెరిగే పూసలు, మీద అంకెలు. ఒక చేత్తో వృషణాన్ని తడుముతూ ఇంకో చేత్తో పూసలను తడిమి ఏది సరిపోతుందో చూస్తాం. ఎదిగిన మగవాడికి సాధారణంగా పదిహేను నుంచి పాతిక మధ్య ఉండాలి. నాలుగో పూస కూడా పెద్దదైపోతే ఇక మన అనుమానమంతా ఒకే వైపు వెళ్తుంది. నిమిషం పట్టని ఈ పని చేయకుండా, కనీసం పడుకోబెట్టి చూడకుండా చీటీ రాసి ఇస్తే, ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంకో వైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు అసలు విషయం. రెండు పొద్దుటి పరీక్షల్లోనూ టెస్టోస్టెరాన్ నిజంగానే తక్కువ వచ్చిందనుకుందాం. అప్పుడు తేల్చాల్సింది లోపం కింద ఉందా, పైన ఉందా అని. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను పంపి వృషణాలతో పని చేయిస్తుంది. ఎల్‌హెచ్ టెస్టోస్టెరాన్‌ను తయారు చేయిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ శుక్రకణాల పెంపకం చూస్తుంది. వృషణాలు చెడిపోతే పిట్యూటరీ ఇంకా గట్టిగా కేకలేస్తుంది, ఈ రెండూ పెరుగుతాయి. పిట్యూటరీయో, దానిపైనున్న హైపోథాలమసో మందగిస్తే ఇవి తక్కువగానో, అనుమానాస్పదంగా మామూలుగానో ఉంటాయి.

ఈ రెండూ పెరిగి ఉన్న కుర్రవాళ్ళలో నేను తరచూ చూసేది క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్. మగవాడికి ఉండాల్సిన ఒక ఎక్స్, ఒక వై క్రోమోజోములకు తోడు ఇంకో ఎక్స్ అదనంగా ఉండటం. 500 నుంచి 1000 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది, అంటే అరుదేమీ కాదు. వాళ్ళలో సగానికి పైగా తమకది ఉందని తెలియకుండానే బతుకు గడిపేస్తారు. పొడుగ్గా, మామూలుగా కనిపిస్తారు, ఉద్యోగం చేసుకుంటారు, పెళ్ళవుతుంది. పిల్లలు కలగడం లేదని వచ్చినప్పుడు బయటపడుతుంది. ఈ మనుషులకు టెస్టోస్టెరాన్ కావాలి, చాలామందికి జీవితాంతం కావాలి. అలాంటివాడితో "బరువు తగ్గు, వ్యాయామం చెయ్యి, అదే సర్దుకుంటుంది" అనడం అన్యాయం. కానీ వాళ్ళకు కూడా మొదటి ఇంజెక్షన్ ముందు సంతానం సంగతి మాట్లాడతాం. కొందరిలో వృషణం లోపల వెతికితే ఇంకా శుక్రకణాలు దొరుకుతాయి, వాటిని తీసి దాచే వీలుంది.

ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువగా ఉంటే ప్రొలాక్టిన్ చూడాలి. పిట్యూటరీలో చిన్న కణితి పెరిగి ప్రొలాక్టిన్‌ను ఎక్కువగా తయారుచేస్తే అది ఈ వ్యవస్థ మొత్తాన్ని అణిచేస్తుంది. తలనొప్పి, పక్క చూపు తగ్గడం తోడైతే ఎంఆర్‌ఐ ఆలస్యం చేయకూడదు. ఈ కణితుల్లో ఎక్కువ భాగానికి వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునే క్యాబర్గోలిన్ మాత్రలు చాలు. కణితి కుంచించుకుపోతుంది, చాలామందిలో టెస్టోస్టెరాన్ దానంతట అదే లేస్తుంది. ఇలాంటి మనిషి ముందుగా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ వేయించుకుంటే? కాస్త హుషారు వస్తుంది, సంతోషపడతాడు, లోపల కణితి పెరుగుతూనే ఉంటుంది. మందు మొదలుపెడితే కారణం కప్పబడిపోతుందని పైన అన్నది ఇందుకే. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడినా ఇలాగే పడిపోతుంది. తలసీమియాతో చిన్నప్పటి నుంచీ రక్తం ఎక్కించుకునే పిల్లల్లో ఇనుము పేరుకుని పిట్యూటరీ దెబ్బతింటుంది.

ఇవేవీ లేకుండా ఎల్‌హెచ్ మామూలుగా ఉండి టెస్టోస్టెరాన్ కాస్త తక్కువగా ఉండేవాళ్ళే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వాళ్ళలో అత్యధికుల పోలికలు మీ పోలికలే. పొట్ట, నిద్రలేమి, మూడు పూటలా అన్నం, వారాంతం మద్యం. అలాంటి చోట సరిచేయాల్సింది ఆ కారణాలను. బరువులో పదో వంతు తగ్గినవాళ్ళలో టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. ఎంత ఎక్కువ తగ్గితే అంత ఎక్కువ పెరుగుతుంది. మీకు అది తొమ్మిది, పది కిలోల మాట. కొవ్వులోని ఒక ఎంజైము టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. ఆ ఈస్ట్రోజన్ పిట్యూటరీని ఇంకా నెమ్మదింపజేస్తుంది. కొవ్వు కరిగితే ఈ ముడి కూడా వదులవుతుంది. గురక బాగా పెడుతున్నానని రాశారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడాలి. అది తీవ్రంగా ఉండి చికిత్స లేకుండా ఉన్నవాళ్ళకు టెస్టోస్టెరాన్ ఇవ్వకూడదు. ఈ ఒక్క కారణంతోనే మీ శిక్షకుడి సలహా ఆగిపోవాలి.

"ఇదంతా ఏళ్ళ పని, ఇంజెక్షన్ అయితే నెలల్లో తేలుతుంది" అనుకుంటున్నారు కదా. సరే, ఇంజెక్షన్ ఏం చేస్తుందో చూద్దాం. ఇది మీ వయసువాళ్ళకు నేను అన్నిటికన్నా నిదానంగా చెప్పే భాగం.

పిట్యూటరీ చూసేది రక్తంలో టెస్టోస్టెరాన్ ఎంత ఉందన్నదే. అది వృషణం నుంచి వచ్చిందో, సూదిలోంచి వచ్చిందో దానికి అనవసరం. బయటి నుంచి దండిగా వస్తే "చాలు" అనుకుని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ ఆపేస్తుంది. వృషణాలు పని మానేస్తాయి, క్రమంగా చిన్నబడతాయి. శుక్రకణాలు పెరగాలంటే వృషణం లోపల టెస్టోస్టెరాన్ రక్తంలోకన్నా పదుల రెట్లు ఎక్కువ ఉండాలి. ఇంజెక్షన్ రక్తంలో ఎంత నింపినా లోపలి మోతాదును ఇవ్వలేదు, పైగా అక్కడ ఉన్నదాన్ని ఆర్పేస్తుంది. మగతనానికి అని వేయించుకున్న మందు సంతానాన్ని ఆపేస్తుందంటే కుర్రవాళ్ళు నమ్మరు. నమ్మకం కలగాలంటే ఒక సంగతి చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మగవాళ్ళకు గర్భనిరోధక సాధనంగా పనికొస్తుందేమోనని దీన్నే పరీక్షించింది. 1990లో ప్రచురించిన ఆ అధ్యయనంలో వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున టెస్టోస్టెరాన్ ఎనాంతేట్ ఇచ్చారు. ఆరోగ్యవంతులైన మగవాళ్ళలో సగం మందికి పైగా ఆరు నెలల్లోపే వీర్యంలో శుక్రకణాలు పూర్తిగా మాయమయ్యాయి. ఆసియా దేశాల మగవాళ్ళలో ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

ఆపితే తిరిగొస్తాయా? ఎక్కువమందికి వస్తాయి. ఇలాంటి గర్భనిరోధక అధ్యయనాలన్నిటినీ కలిపి 2006లో లెక్కగట్టారు. మందు ఆపిన ఆరు నెలలకు మూడింట రెండు వంతుల మందికి, ఏడాదికి తొంభై శాతానికి, రెండేళ్ళకు అందరికీ శుక్రకణాల సంఖ్య మిల్లీలీటరుకు రెండు కోట్లకు చేరింది. వినడానికి బాగానే ఉంది. కానీ వాళ్ళంతా మందుకు ముందు పూర్తి ఆరోగ్యంగా, మంచి సంఖ్యతో ఉన్నవాళ్ళు. కొలిచిన మోతాదులో, పరిమిత కాలం వాడినవాళ్ళు. మీకు ఇప్పుడు ఎంత సంఖ్య ఉందో మీకే తెలియదు. ఎక్కువ ఏళ్ళు వాడినవాళ్ళు, జిమ్ మోతాదుల్లో వాడినవాళ్ళు నెమ్మదిగా కోలుకుంటారు, కొందరు పూర్తిగా కోలుకోరు.

ఇప్పుడు మన ఇళ్ళలో ఏం జరుగుతుందో కూడా ఆలోచించండి. మాఘంలో పెళ్ళయితే ఉగాది దాటేసరికే "విశేషం ఏమైనా ఉందా?" అని మొదలవుతుంది. ఏడాది తిరిగితే కోడలిని డాక్టర్ల చుట్టూ తిప్పడం మొదలవుతుంది. ఆమెకు స్కానింగులు, ఆమెకు మాత్రలు, ఆమెకు గుళ్ళో ప్రదక్షిణలు. అబ్బాయి వీర్య పరీక్ష అందరికన్నా చివర. జిమ్ ఇంజెక్షన్ల సంగతి భార్యకు చెప్పకుండా దాచిన కుర్రవాళ్ళను చూశాను. ఆ అమ్మాయి ట్యూబుల పరీక్ష దాకా వెళ్ళాక, ఇతని రిపోర్టులో శుక్రకణాలు సున్నా అని వస్తుంది. ఈ పాపం మీరు మూటగట్టుకోకండి. సంబంధాలు చూస్తున్నారంటున్నారు కాబట్టి, మందు సంగతి ఎటు తేలినా, ముందు ఒక వీర్య పరీక్ష చేయించుకోండి. రెండు నుంచి ఏడు రోజులు వీర్యం బయటికి పోకుండా చూసుకుని ల్యాబులోనే నమూనా ఇవ్వాలి.

మొదలుపెట్టి నచ్చకపోతే ఆపేయవచ్చు కదా అని కూడా అడిగారు. ఆపవచ్చు. కానీ ఆపిన రోజున మీ సొంత ఉత్పత్తి ఇప్పుడున్న స్థాయికి కూడా వెంటనే రాదు. కొన్ని వారాలు, కొన్ని నెలలు అంతకన్నా తక్కువతో గడపాలి. ఆ రోజుల నీరసం, చిరాకు, కోరిక చచ్చిపోవడం తట్టుకోలేక చాలామంది మళ్ళీ సూది దగ్గరికే వెళ్తారు. వెళ్ళి "చూశారా, నాకు నిజంగానే లోపం ఉంది" అంటారు. ఉందో లేదో అప్పుడు ఎవరూ చెప్పలేరు.

మీ శిక్షకుడు సూచించిన సస్టనాన్ 250 మంచి మందే, తప్పు మనిషికి. నాలుగు రకాల టెస్టోస్టెరాన్ ఎస్టర్లు కలిపి వేరుశనగ నూనెలో ఉంటుంది. చికిత్సలో అయితే మామూలుగా రెండు, మూడు వారాలకోసారి. జిమ్ లెక్కలో వారానికి ఒకటి, రెండు. వేరుశనగ పడనివాళ్ళకు అది ప్రమాదం, ఈ ముక్క సూది వేసేవాళ్ళు ఎవరూ అడగరు. చీటీ లేకుండా ఇచ్చే షాపు నుంచి కొంటే లోపల ఏముందో దేవుడికెరుక. అక్కడే దొరికే "టెస్టో బూస్టర్" డబ్బాల మీద డబ్బు తగలేయకండి. అశ్వగంధ కలిసినవి తిని కాలేయం దెబ్బతిన్నవాళ్ళ గురించి వైద్య పత్రికల్లో వచ్చింది. సహజం అని రాసి ఉంటే హాని ఉండదనుకోవడం మన ఊళ్ళో పెద్ద భ్రమ.

నిజంగా అవసరమని తేలినవాళ్ళకు మంచి దారులే ఉన్నాయి. నేను ఎక్కువగా ఇచ్చేది టెస్టోస్టెరాన్ అన్‌డెకనోయేట్ 1000 మిల్లీగ్రాముల ఇంజెక్షన్. మొదటి రెండు ఆరు వారాల ఎడంతో, ఆ తర్వాత 10 నుంచి 14 వారాలకోసారి. పిరుదు కండలోకి నిదానంగా ఎక్కించాలి, తొందరపడి తోసే మందు కాదు. పూసుకునే జెల్ కూడా ఉంది. జెల్ పూసిన చోటు భార్యకూ, పసిపిల్లలకూ తగలకుండా చూసుకోవాలి, లేదంటే హార్మోను వాళ్ళ ఒంట్లోకి పోతుంది. ఏది వాడినా హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో, చూస్తూ ఉండాలి. టెస్టోస్టెరాన్ ఎర్రకణాలను పెంచుతుంది. 54 శాతం దాటితే రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదం వస్తుంది, మందు ఆపాలి. మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నుంచి ఆరు నెలల్లో ఒకసారి, ఏడాదికి ఒకసారి, ఆపైన ఏటా. ఈ రక్తపరీక్ష ఎగ్గొట్టేవాళ్ళకు నేను తర్వాతి ఇంజెక్షన్ రాయను, తగవు పెట్టుకున్నా రాయను.

గుండె మాట అడిగారు. 2023లో వచ్చిన ట్రావర్స్ అధ్యయనంలో అయిదు వేల మందికి పైగా మగవాళ్ళను చూశారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి మందు వాడినవాళ్ళలో పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కాస్త ఎక్కువగా కనిపించాయి. కానీ వాళ్ళంతా 45 నుంచి 80 ఏళ్ళవాళ్ళు, హార్మోను తక్కువ ఉందని నిర్ధారణ అయినవాళ్ళు. ఇరవై ఏడేళ్ళ మనిషి నలభై ఏళ్ళపాటు వాడితే ఏమవుతుందన్నది ఆ లెక్కలో లేదు. "గుండెకు మంచిదని తేలిపోయింది" అని వీడియోల్లో చెప్పేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

లోపం పైన, అంటే పిట్యూటరీ వైపు ఉండి, మీలా పిల్లలు కావాల్సిన వయసులో ఉంటే టెస్టోస్టెరాన్ ఇవ్వకుండానే దాన్ని పెంచే మార్గాలున్నాయి. హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఎల్‌హెచ్ చేసే పనినే చేస్తుంది, వృషణం తనంతట తాను పని చేస్తుంది, చిన్నబడదు. అవసరమైతే ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా కలుపుతాం. క్లోమిఫెన్ మాత్ర ఈస్ట్రోజన్ సంకేతాన్ని అడ్డుకుని పిట్యూటరీని లేపుతుంది. ఆడవాళ్ళకు అండం విడుదల కోసం ఇచ్చే మాత్రే, అందుకే మెడికల్ షాపులో వింతగా చూస్తారు. మగవాళ్ళలో దీని వాడకానికి అధికారిక అనుమతి లేకపోయినా నిపుణులు జాగ్రత్తగా వాడతారు. కొందరికి చూపు మసకబారడం, మనసు బాగోకపోవడం వంటివి వస్తాయి. వృషణాలే చెడిపోయినవాళ్ళకు ఇవేవీ పనిచేయవు.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇది. ముందు వారం, పది రోజులు రాత్రి నిద్ర. ఆ తర్వాత పొద్దున 8 గంటలకు, పరగడుపున, మొత్తం టెస్టోస్టెరాన్, ఎస్‌హెచ్‌బీజీ, అల్బుమిన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, మూడు నెలల చక్కెర సగటు, రక్తకణాల లెక్క. ఒక్క సూదిపోటుతో అన్నీ అయిపోతాయి. టెస్టోస్టెరాన్ మళ్ళీ తక్కువొస్తే వారం తర్వాత ఇంకోసారి. వీర్య పరీక్ష విడిగా. రిపోర్టులు పట్టుకుని ఎండోక్రినాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. ఇక్కడ కుదరకపోతే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ నిమ్స్‌కు వెళ్ళినా ఆ విభాగం ఉంది. ఈ ప్యాకేజీల ఖర్చుకు జడవాల్సిన పని లేదు, మీ శిక్షకుడు చెప్పిన మూడు నెలల ఇంజెక్షన్ల బిల్లు పక్కన పెట్టి చూసుకోండి.

అంకె 300 పైకి లేచి, స్వేచ్ఛా భాగం మామూలుగా ఉంటే ఇక ఈ హార్మోనును వదిలేసి నిద్ర, గురక, పొట్ట, పని వేళలు చూసుకోవాలి. నిజం చెప్పాలంటే మీ విషయంలో నా పందెం దీని మీదే. 200కూ 300కూ మధ్య ఉండి ఎల్‌హెచ్ మామూలుగా ఉంటే ఆరు నెలలు బరువు తగ్గి మళ్ళీ చూస్తాం, మధ్యలో ప్రొలాక్టిన్ ఏం చెబుతుందో దాన్నిబట్టి ఎంఆర్‌ఐ. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంటే మాత్రం బరువు తగ్గేదాకా ఆగకండి, ఆ వారమే వెళ్ళండి, క్రోమోజోముల పరీక్ష చేయిస్తారు. వెళ్ళేటప్పుడు ఈ పాత రిపోర్టు కూడా ఉంచుకోండి. ఇప్పటిదాకా జిమ్‌లో వాడిన పొడులు, మాత్రలు ఏవైనా ఉంటే వాటి డబ్బాల లేబుళ్ళ ఫొటోలు తీసుకెళ్ళండి. ఒకటో రెండో ఇంజెక్షన్లు ఇప్పటికే పడి ఉంటే ఆ సంగతి, వేసిన తేదీతో సహా, వైద్యుడికి మొదటి మాటలోనే చెప్పండి. లేదంటే ఆయన ఆ ఎల్‌హెచ్ అంకెను చూసి లేని జబ్బు కోసం వెతకడం మొదలుపెడతారు.